కొన్న కారుకి మళ్ళీ నెలనెలా కట్టాలా? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మాది రాయగడ అండీ. కారు వైజాగ్ షోరూంలో తీసుకున్నాం, మూడేళ్ళు దాటింది. ఫోన్లోంచే ఏసీ ఆన్ అవుతాది, డోర్లు లాక్ అవుతాయి, బండి ఎక్కడుందో కనిపిస్తాది అని చూపించి మరీ అమ్మారు. ఈ మధ్య ఒక్కటీ పనిచెయ్యట్లేదు, షోరూంకి ఫోన్ చేస్తే ప్లాన్ అయిపోయింది రెన్యూ చేసుకోండి అంటన్నారు. ఫ్రీ అన్నది మూడేళ్ళకే అని అప్పుడు ఒక్కరూ చెప్పలేదు. మా కారుకి మేమే మళ్ళీ డబ్బులు కట్టడం ఏటండీ?

జవాబు: మీ కోపం న్యాయమే అండీ. కాకపోతే ఇందులో రెండు సంగతులు కలిసిపోయి ఉన్నాయి, విడదీసుకుంటే గట్టిగా ఎక్కడ అడగాలో తెలుస్తుంది. మీరు ఫోన్లో ఏసీ బటన్ నొక్కితే అది నేరుగా కారుకి పోదు, ముందు కంపెనీ సర్వర్‌కి వెళ్ళి అక్కణ్ణుంచి కారు లోపలున్న సిమ్‌కి వస్తుంది, ఆ సిమ్‌కి డేటా కావాలి, సర్వర్ ఎవరో ఒకరు నడపాలి. అంటే కంపెనీకి దానిమీద ఖర్చు ఆగకుండా ఉంటుంది. దానికి డబ్బు అడగడం తప్పని నేను అనను. అమ్మేటప్పుడు గడువు చెప్పకుండా దాచడం మాత్రం ముమ్మాటికీ తప్పు.

2021 చివర్లో అమెరికాలో టొయోటా విషయంలో ఒక గొడవ అయింది. కొన్ని మోడళ్ళలో తాళం చెవి మీదున్న రిమోట్ బటన్‌తో ఇంజిన్ స్టార్ట్ చెయ్యడం కూడా ప్లాన్ అయిపోతే ఆగిపోతుందని బయటపడింది. ఆ బటన్ సిగ్నల్ చేతిలోంచి కారుకే పోతుంది కదా, మధ్యలో సిమ్మూ లేదు సర్వరూ లేదు, మరి దేనికి డబ్బులు? మీరూ ఇదే లెక్కతో చూసుకోండి. ఫోన్లో పనులు ఆగితే సరే, తాళం చెవితోనో కారు లోపల బటన్లతోనో జరిగే పని కూడా ఆగిందంటే అస్సలు ఒప్పుకోకండి.

రెన్యూ చెయ్యాలా వద్దా అంటే, ఈ మూడేళ్ళలో నిజంగా వాడినవి ఏవో ఒకసారి గుర్తుచేసుకోండి. కోరాపుట్ వైపు ఘాట్ ఎక్కాక సిగ్నల్ లేనిచోట ఇవేవీ పనిచెయ్యవని మీకు నేను చెప్పక్కర్లేదు. ఆపదలో సాయం కోసం నొక్కే ఎస్ఓఎస్ బటన్ ఉంటే మాత్రం అది కూడా ప్లాన్‌తోపాటే ఆగిందా అని రాతపూర్వకంగా అడగండి, అది ప్రాణాలకి సంబంధించింది. కడితే ఆటోపే (డబ్బు దానంతటదే కట్ అయ్యే ఏర్పాటు) పెట్టకుండా ఏడాదికి ఒక్కసారి కట్టండి. పెట్టేసి ఉంటే, డబ్బు కట్ అయ్యే 24 గంటల ముందు మీకు మెసేజ్ రావాలని రిజర్వు బ్యాంకు రూలుంది, అది చూసి ఆపుకోవచ్చు.

ఇంకో మాట. కొన్నది వైజాగ్‌లో, ఉండేది ఒడిశాలో, కేసుకి అంత దూరం ఎక్కడ తిరుగుతాం అని మనవైపు చాలామంది వదిలేస్తుంటారు. తిరగక్కర్లేదండీ. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వెయ్యొచ్చు, సమస్య మొదలైన 2 ఏళ్ళ లోపు వెయ్యాలి. దానికి ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యండి. బ్రోషర్, బిల్లు, షోరూం వాళ్ళు పంపిన వాట్సాప్ మెసేజ్‌లు ఒక్కటి కూడా డిలీట్ చెయ్యకండి.

ప్రశ్న: విదేశాల్లో కారు సీటు వేడెక్కడానికి కూడా నెలకి ఇంత అని కట్టాలంట, నిజమేనా? మన దగ్గరికీ వస్తుందా? (బరంపురం పాఠకుడు)

జవాబు: నిజమే. 2022లో బీఎండబ్ల్యూ కొన్ని దేశాల్లో అలా పెట్టింది, బ్రిటన్‌లో నెలకి 15 పౌండ్లు. సీటులో హీటర్ ఫ్యాక్టరీలోనే బిగించేశారు, సాఫ్ట్‌వేర్ తాళం మాత్రం వేశారు. జనం తిట్టిన తిట్లకి 2023 సెప్టెంబర్‌కల్లా ఆ పద్ధతి మానేస్తున్నామని చెప్పారు. మెర్సిడెస్ అయితే అమెరికాలో ఎలక్ట్రిక్ కార్లు ఇంకా త్వరగా వేగం అందుకోవడానికి ఏడాదికి 1200 డాలర్లు అంది, మోటారు అదే, బ్యాటరీ అదే. ఫోక్స్‌వ్యాగన్ 2025లో బ్రిటన్‌లో ఐడీ 3 కారుకి ఇదే చేసింది, పూర్తి పవర్ కావాలంటే నెలకి 16.50 పౌండ్లు, లేదా ఒకేసారి 649.

కంపెనీల వాదన ఏంటంటే అన్ని కార్లూ ఒకేలా తయారుచేస్తే ఫ్యాక్టరీ ఖర్చు తగ్గుతుంది, కావాల్సినవాళ్ళే కట్టుకుంటారు అని. నాకిది మింగుడు పడదు. ఆ హీటర్ బరువు మోసేది మన బండి, రేపు పాడైతే రిపేరు ఖర్చు మనది, ఇల్లు అమ్మేసి వంటగది తాళం తన దగ్గరే ఉంచుకుని అద్దె అడిగినట్టుంది. బరంపురం ఎండకి సీటు హీటర్ ఎవడికీ అక్కర్లేదు గానీ రేపు సీటు కింద చల్లగాలి ఫ్యాన్‌కి ఇదే తాళం వేస్తే అప్పుడు తెలుస్తుంది నొప్పి. మన దగ్గర ఛాయలు అప్పుడే ఉన్నాయి కూడా, ఏథర్ స్కూటర్‌కి ప్రో ప్యాక్ విడిగా కొంటేనే కొన్ని ఫీచర్లు తెరుచుకుంటాయి. అది ఒకసారి కట్టేది, ముందే చెప్పి అమ్మేది, కాబట్టి దాన్నీ నెలనెలా వసూలునీ ఒకే గాటన కట్టలేం.

కొత్త బండి బుక్ చేసే ముందు షోరూంలో ఒక్క కాగితం అడగండి: ఏ ఫీచర్ ఎన్నేళ్ళు ఫ్రీ, ఆ తర్వాత ఎంత, కట్టకపోతే ఏది ఆగుతుంది. సంతకం, స్టాంపు ఉండాలి. నోటిమాట వద్దు.

ప్రశ్న: అన్నా, మాది సిరొంచ. మంచిర్యాలల ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్ కారు చూసిన. ఫోన్ కనెక్షన్ ఫీచర్లు అన్నీ ఉన్నయ్ అంటుండు. నమ్మొచ్చా?

జవాబు: ఉన్నయ్ అంటే చాలదు తమ్మీ, నీ పేరు మీదికి మారుతాయా అన్నది అడగాలి. 2020లో అమెరికాలో ఒకాయన డీలర్ దగ్గర సెకండ్ హ్యాండ్ టెస్లా కొంటే, ఉన్నాయని చూపించిన ఆటోపైలట్ (డ్రైవింగ్‌లో కారే కొంత సాయం చేసే) ఫీచర్లని కంపెనీ దూరం నుంచే తీసేసింది, పేపర్లలో పెద్ద రచ్చ అయ్యాక తిరిగిచ్చింది. డబ్బు ఇచ్చే ముందు కంపెనీ కస్టమర్ కేర్‌కి ఆ కారు నంబర్ చెప్పి ప్లాన్ ఎప్పటిదాకా ఉంది, కొత్త ఓనర్‌కి వస్తదా అని కనుక్కో. దానికన్నా ముఖ్యం, పాత ఓనర్ తన ఫోన్ యాప్‌లోంచి ఈ కారుని నీ ముందే తీసెయ్యాలి. లేకపోతే నీ బండి ఎక్కడ తిరుగుతుందో ఆయనకి కనిపిస్తూనే ఉంటది, డోర్లు కూడా తెరవొచ్చు. మంచిర్యాల తెలంగాణ, సిరొంచ మహారాష్ట్ర, రాష్ట్రం మారుతుంది కాబట్టి ఆర్టీవో ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం) కూడా ఆయన చేతే తీయించు, అది చేతికొచ్చేదాకా మొత్తం డబ్బు ఇవ్వకు.