లార్డ్ మాన్స్‌ఫీల్డ్‌కు పిల్లలు లేరు కదా, మరి ‘రెండో ఎర్ల్’ ఎవరు?

18వ శతాబ్దపు ఇంగ్లండ్ ప్రధాన న్యాయమూర్తి విలియం ముర్రే (లార్డ్ మాన్స్‌ఫీల్డ్) వంశవృక్షం గీస్తుంటే, ఆయనకున్న ‘ఎర్ల్’ అనే ప్రభు హోదా, ఆ బిరుదు అన్న కొడుక్కి వెళ్లిందని ఒకచోట, ఓ స్త్రీకి వెళ్లిందని మరోచోట కనిపించిందని ఒకరు అడిగారు. రెండూ నిజమే. ఎర్ల్ బిరుదులు రెండున్నాయి.

స్కాట్లండ్ ప్రభువుకు బ్రిటిష్ బిరుదు దక్కినా, దాని బలంతో లార్డ్స్ సభలో (పార్లమెంటు ఎగువ సభ) కూర్చోనివ్వకూడదని 1711లో ఆ సభే తీర్మానించింది. వారసుడు కావలసిన అన్న కొడుకు డేవిడ్, స్కాట్లండ్‌లో ఏడో వైకౌంట్ (ఎర్ల్ కంటే కింది హోదా) స్టార్మాంట్. అందుకే 1776లో ఇచ్చిన ఎర్ల్ బిరుదును (నాటింగ్‌హామ్ కౌంటీ పేర) డేవిడ్ రెండో భార్య లూయిజాకు చెందేలా రాశారు. 1782లో ఆ అడ్డు తొలగింది. 1792లో మిడిల్‌సెక్స్ కౌంటీ పేర ఇంకో ఎర్ల్ బిరుదు సృష్టించి నేరుగా డేవిడ్‌కు చెందేలా చేశారు. 1793లో మాన్స్‌ఫీల్డ్ పోగానే భర్తకొకటి, భార్యకొకటి వచ్చాయి. 1843లో లూయిజా చనిపోయాక రెండూ ఆమె మనవడి దగ్గర కలిశాయి. చార్టులో కౌంటీ పేరు రాయకపోతే ఇక్కడ తప్పకుండా తికమక పడతారు.

మాన్స్‌ఫీల్డ్ పుట్టిన తేదీ 1705 మార్చి 2, స్కాట్లండ్‌లో పెర్త్ దగ్గరి స్కోన్‌లో. స్కాట్లండ్‌లో 1600 నుంచే జనవరి 1న కొత్త సంవత్సరం. ఇంగ్లండ్‌లో మాత్రం 1751 దాకా మార్చి 25నే. కాబట్టి ఇంగ్లిష్ లెక్కలో అదే రోజు 1704 కిందికి వస్తుంది. దిద్దబోయి 1706 చేయకండి. ఆక్స్‌ఫర్డ్ ప్రవేశ రిజిస్టర్‌లో పుట్టిన ఊరు ‘బాత్’ అని ఉంటుంది. ‘పెర్త్’ అన్నది గుమాస్తా చెవికి అలా వినబడిందంటారు. లండన్‌లోని న్యాయవాదుల సంఘం లింకన్స్ ఇన్‌లో 1730లో బారిస్టర్, 1742లో బరోబ్రిడ్జ్ ఎంపీ, సొలిసిటర్ జనరల్ (ప్రభుత్వ న్యాయాధికారి). 1756లో ప్రధాన న్యాయమూర్తి. ఈ భాగంలో పెద్ద చిక్కుల్లేవు.

1738లో ఎలిజబెత్ ఫించ్‌ను పెళ్లాడారు, సంతానం లేదు. లండన్ దగ్గరి తమ ఇల్లు కెన్‌వుడ్‌లో ఆ దంపతులు పెంచిన ఇద్దరు పిల్లలను సొంత కూతుళ్ల గడిలో వేసేస్తుంటారు. ఎలిజబెత్ ముర్రే, డేవిడ్ మొదటి భార్య కూతురు. లూయిజా ఆమెకు సవతి తల్లి. రెండో అమ్మాయి డైడో బెల్, మాన్స్‌ఫీల్డ్ మేనల్లుడు సర్ జాన్ లిండ్సేకీ బానిసగా ఉన్న మరియా బెల్‌కీ పుట్టింది. వారికి పెళ్లి జరగలేదు, కాబట్టి ఆ గీత చుక్కలతో వేయండి. లిండ్సే భార్య మేరీ మిల్నర్‌ను డైడో తల్లిగా చూపడం శుద్ధ తప్పు.

మాన్స్‌ఫీల్డ్ వీలునామా తప్పక చదవండి. డైడో స్వేచ్ఛను ధ్రువీకరించే మాట అందులోనే ఉంది. ఆమెకు 500 పౌండ్లు, ఏటా 100 పౌండ్లు. సోమర్సెట్ అనే బానిస కేసులో మాన్స్‌ఫీల్డ్ 1772లో ఇచ్చిన తీర్పుతో ఇంగ్లండ్‌లో బానిసత్వం రద్దయిందని చాలామంది రాస్తారు. ఆ తీర్పు చెప్పింది అంత లేదు: బానిసను బలవంతంగా దేశం దాటించకూడదని, అంతే. తీర్పు ఇచ్చిన మనిషే ఇంట్లో పెరిగిన అమ్మాయికి కాగితం మీద స్వేచ్ఛ రాసిపెట్టాడంటే, ఆ తీర్పును ఆయన ఎంతవరకు నమ్మాడో చూడండి.

డైడో 1793లో జాన్ డావినియేను పెళ్లాడింది. ఆమె కొడుకు చార్లెస్ ఈస్ట్ ఇండియా కంపెనీవారి మద్రాసు సైన్యంలో అధికారి. ఆ శాఖ కోసం లండన్ చర్చి రిజిస్టర్లతోనే సరిపెట్టుకోకుండా, బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ రికార్డులు కూడా చూడండి. ఇంటిపేరును రెండు మూడు స్పెల్లింగులతో వెతకాలి.