ఫిప్స్ 140-2 నుంచి 140-3కి క్లౌడ్ సర్వర్లు మార్చేటప్పుడు ఎక్కడ దెబ్బతింటాం?

డేటాను రహస్య రూపంలోకి మార్చే ఎన్‌క్రిప్షన్ మాడ్యూళ్లకు అమెరికా ప్రభుత్వ ప్రమాణం ఫిప్స్ 140; దాని పాత వెర్షన్ 140-2, కొత్తది 140-3. 140-2 సర్టిఫికెట్ల గడువు 2026 సెప్టెంబరు 21. ఆ తర్వాత కొత్త ప్రభుత్వ వ్యవస్థలకు వాటిని ఎంచుకోకూడదు.

140-3కి మారడానికి, ఇప్పటికే నడుస్తున్న రెడ్ హ్యాట్ లినక్స్ 8 సర్వర్లను సరిచేస్తూ కూర్చోకండి. రెడ్ హ్యాట్ 9 ఇమేజ్‌ని (సర్వర్లు లేపడానికి వాడే అచ్చు కాపీ) మొదటి నుంచీ ఫిప్స్ మోడ్‌లోనే (ఆమోదించిన ఎన్‌క్రిప్షన్‌నే వాడనిచ్చే సెట్టింగ్) తయారుచేసి, దాంతో కొత్త సర్వర్లు లేపండి. మోడ్ తర్వాత ఆన్ చేస్తే అంతకుముందు తయారైన కీలు అలాగే ఉండిపోతాయి.

ఎక్కువమంది ఇరుక్కునేది నెట్‌వర్క్ కనెక్షన్లను భద్రపరిచే ప్రోటోకాల్ టీఎల్ఎస్ 1.2 దగ్గర. రెడ్ హ్యాట్ 9.2 నుంచి ఫిప్స్ మోడ్‌లో ఎక్స్‌టెండెడ్ మాస్టర్ సీక్రెట్ (టీఎల్ఎస్ కీల తయారీని గట్టిపరిచే అదనపు ఏర్పాటు) తప్పనిసరి. అది తెలియని పాత క్లయింట్లు (సర్వర్‌కి కనెక్ట్ అయ్యే ప్రోగ్రాములు) హ్యాండ్‌షేక్‌లోనే, అంటే కనెక్షన్ మొదలయ్యే దశలోనే తెగిపోతాయి. కాబట్టి ముందు వాటిని వెతికి అప్‌గ్రేడ్ చేయండి. సర్వర్‌లోకి దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్ఎస్‌హెచ్‌లో ఈడీ25519 రకం కీలూ ఈ మోడ్‌లో చెల్లవు, లాగిన్ పోకముందే ఈసీడీఎస్ఏ రకం కీ పెట్టుకోండి.

ఫిప్స్ మోడ్ ఆన్‌లో ఉందంటే సర్టిఫికెట్ ఉన్నట్టు కాదు. మీ ఓపెన్ఎస్ఎస్ఎల్ (ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ) మాడ్యూల్ వెర్షన్‌ని, అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ ప్రచురించే సర్టిఫికెట్ల జాబితాతో అంకె అంకె సరిపోల్చండి.