బంగారం తాకట్టు పెట్టి డాక్టరేట్ చేయమంటారా?

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. ఎంబీఏ చదివి, విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో హెచ్‌ఆర్ మేనేజర్‌గా చేస్తున్నాను. జీతం చేతికి 78 వేలు వస్తుంది. ఇంటి లోను ఈఎంఐ 24 వేలు. మావారికి ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ షాపు ఉంది. ఇంటి ఖర్చులు ఆయనే చూస్తారు, కానీ ఆ ఆదాయం ఒక నెల ఉన్నట్టు ఇంకో నెల ఉండదు. అమ్మాయి ఇంటర్ సెకండియర్. తన చదువు కోసం 6 లక్షలు ఎఫ్‌డీ చేశాం. ఇరవై కాసుల బంగారం ఉంది. మేం ట్రైనింగ్ ఇచ్చిన నర్సులు ఏడాది తిరక్కుండానే మానేసి వెళ్లిపోతున్నారు. పైవాళ్లు నడిపించే తీరు మారితే వీళ్లు ఉంటారు కదా అనిపించి, ఆర్గనైజేషనల్ లీడర్‌షిప్‌లో డాక్టరేట్ చేయాలనుకుంటున్నాను. ఒక అమెరికా యూనివర్సిటీతో కలిసి ఇస్తున్న ఆన్‌లైన్ కోర్సుకి నాలుగేళ్లకు 22 లక్షలట. శనివారంలోగా 50 వేలు కట్టమని రోజూ ఫోన్లు. బంగారం తాకట్టు పెట్టి చేరమంటారా?
— ఒక పాఠకురాలు, పటమట

జవాబు: మీరు తప్పకుండా చదువుకోండి. కానీ ఈ కోర్సులో వద్దు. బంగారం అసలే కదపొద్దు.

ముందు లెక్క చూద్దాం. 22 లక్షలను 48 నెలలకు పంచితే నెలకు 45,800 పైమాటే. ఇంటి ఈఎంఐ కూడా పోతే మీ జీతంలో మిగిలేది 8 వేలు. బ్యాంకులో ఏడేళ్లకు 11 శాతం వడ్డీతో తీసుకున్నా నెలకు సుమారు 37,700 కట్టాలి. అప్పు తీరేసరికి 31 లక్షలు దాటుతుంది. ఇంకో సంగతి మీ ఉత్తరంలోనే ఉంది, మీరు గమనించినట్టు లేరు. అమ్మాయి ఇంటర్ అయిపోతోంది. ఇంజినీరింగ్ అయినా మరేదైనా, తన ఫీజులు కట్టాల్సిందీ సరిగ్గా ఈ నాలుగేళ్లే. షాపులో బేరాలు తగ్గిన నెలలో ఎవరి ఫీజు ఆపుతారు? అమ్మాయిది ఆపరు. మీది ఆపుతారు. సగంలో ఆపిన డాక్టరేట్‌కి విలువ ఉండదు.

ఇది నేను కళ్లారా చూశాను. గుంటూరు బ్రాడీపేటలోని మా ఆఫీసుకి ఒక లెక్చరర్ గారు వచ్చారు. నీలం రంగు ప్లాస్టిక్ ఫైలులో రసీదులన్నీ తేదీల వారీగా పెట్టుకున్నారు. కోర్సు పేపర్లన్నీ పాసయ్యారు, థీసిస్ దగ్గర ఆగిపోయారు. గైడ్ ఒక అధ్యాయం వెనక్కి పంపిన ప్రతిసారీ ఇంకో సెమిస్టర్, ఇంకో ఫీజు. చివరి మూడు రసీదులు వేలితో చూపిస్తూ, ‘‘ఇవి మాత్రం ముందు ఎవరూ చెప్పలేదండీ’’ అన్నారు. మీకు చెప్పిన 22 లక్షల్లో ఇలాంటి పొడిగింపు ఫీజు ఉందా? డాలర్ పెరిగితే భారం ఎవరిది? ఫోన్ చేసేవాళ్లని ఈ రెండూ మెయిల్‌లో రాసిమ్మనండి.

ఇక గుర్తింపు సంగతి. ఎడ్‌టెక్ (ఆన్‌లైన్ చదువుల) కంపెనీలు విదేశీ సంస్థలతో కలిసి ఇచ్చే ఆన్‌లైన్ పీహెచ్‌డీలకు గుర్తింపు లేదని ఉన్నత విద్యను నియంత్రించే యూజీసీ, ఏఐసీటీఈ కలిసి 2022 అక్టోబర్‌లోనే హెచ్చరించాయి. మన దేశంలోనూ ఆన్‌లైన్‌లో, దూరవిద్యలో పీహెచ్‌డీ చేయడానికి యూజీసీ నిబంధనలు ఒప్పుకోవు. రేపు ఆసుపత్రి మానేసి ఏ కాలేజీలోనో పాఠాలు చెప్పాలనుకుంటే ఆ పట్టా మీకు అక్కరకు రాదు. పోనీ ఉన్న ఉద్యోగంలోనే పనికొస్తుందా? 47 ఏళ్లకు పూర్తి చేసి 58 దాకా పనిచేస్తారనుకుందాం. వడ్డీ పక్కన పెట్టినా, ఆ 22 లక్షలు తిరిగి రావాలంటే పదకొండేళ్ల పాటు ప్రతి నెలా, పన్ను పోను, 16,600 పైన జీతం పెరగాలి. మీ ఎండీ గారిని సూటిగా అడగండి: డాక్టరేట్ ఉంటే ఏ పోస్టు ఇస్తారు, ఎంత పెంచుతారు? అడగడానికి మొహమాటపడే విషయం కాదిది.

మరి దారి లేదా అంటే, మీ ఇంటికి దగ్గర్లోనే ఉంది. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం ఉద్యోగం చేస్తూనే పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ చేయవచ్చు. పీజీలో 55 శాతం మార్కులు, మీ ఆసుపత్రి నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) ఉండాలి. థీసిస్‌కి ముందుండే పాఠాలకు, అంటే కోర్సువర్క్‌కి, మనిషి వెళ్లాల్సి రావచ్చు. గడువు ఆరేళ్లు, పైన రీరిజిస్ట్రేషన్‌తో రెండేళ్లు, మహిళలకు ఇంకో రెండేళ్లు ఇస్తారు. ఆర్గనైజేషనల్ లీడర్‌షిప్ అనే పేరుతోనే వెతక్కండి. మన దగ్గర అది మేనేజ్‌మెంట్ విభాగంలో హెచ్‌ఆర్, ఆర్గనైజేషనల్ బిహేవియర్ కింద వస్తుంది. విజయవాడ-గుంటూరు దారిలోనే నాగార్జున యూనివర్సిటీ ఉంది, వడ్డేశ్వరం, వడ్లమూడి, నీరుకొండల్లో ప్రైవేటువి ఉన్నాయి. రాష్ట్రంలో పీహెచ్‌డీ ప్రవేశ పరీక్ష ఏపీఆర్‌సెట్ నోటిఫికేషన్ మీద కన్నేసి ఉంచండి, జాతీయ స్థాయి పరీక్ష యూజీసీ నెట్ కూడా రాయండి. దరఖాస్తు నుంచి థీసిస్ సమర్పణ, వైవా దాకా అన్ని ఫీజులూ కలిపి ఎంతవుతుందో అడిగి, నాలుగు లక్షలు దాటని చోటే చూడండి. అన్నిటికన్నా ముందు గైడ్‌ని కలవండి. ఆయన దగ్గర ఇప్పుడు థీసిస్ రాస్తున్న ఇద్దరితో మాట్లాడండి.

డబ్బు ఇలా సర్దుకోండి. ఇంటి ఈఎంఐ పోగా మీ చేతిలో ఉండే 54 వేలలో 25 వేలు అమ్మాయి చదువుకి. ఎఫ్‌డీతో కలిపితే నాలుగేళ్లకు 18 లక్షలు, వడ్డీ అదనం. షాపు డల్‌గా ఉన్న నెలల కోసం 10 వేలు విడిగా వేయండి, ఆరు నెలల ఖర్చు పోగయ్యేదాకా అది ముట్టుకోవద్దు. 8 వేలు మీ చదువు పేరున ఆర్‌డీ. ఎంట్రన్స్‌కి చదువుకునే ఏడాదిలో 96 వేలు జమవుతాయి, చేరేటప్పుడు అప్పు అక్కర్లేదు. మిగతా 11 వేలు మీ ఇన్సూరెన్స్‌లకి, చిల్లర ఖర్చులకి. విద్యారుణం వడ్డీకి పన్ను మినహాయింపు వస్తుందని ఎవరో చెప్పే ఉంటారు. ఆ మినహాయింపు పాత పన్ను విధానంలోనే ఉంటుంది, బంగారం లోనుకి రాదు.

నర్సుల గురించి మీరు రాసిన రెండు వాక్యాలు నేను మళ్లీ మళ్లీ చదివాను. థీసిస్‌కి అంశం దొరక్క ఏళ్లు తిరిగేవాళ్లు ఎంతోమంది, మీ దగ్గర అది సిద్ధంగా ఉంది. మానేసి వెళ్లేవాళ్లతో మీరే మాట్లాడతారు కదా, యాజమాన్యం అనుమతి తీసుకుని, పేర్లు లేకుండా, ఏ వార్డు, ఎన్ని నెలలు చేశారు, పై అధికారి ఎవరు, ఎందుకు వెళ్తున్నారు అని ఈ నెల నుంచే ఒక నోటుబుక్కులో రాసుకోండి. గైడ్ దగ్గరికి ఆ నోటుబుక్కు తీసుకెళ్లండి.

శనివారం 50 వేలు కట్టకండి. ఫోన్లో ఇప్పటికే కార్డు వివరాలు ఇచ్చి ఉంటే, ఇవాళే బ్యాంకుకి ఫోన్ చేసి ఆటో డెబిట్ ఆపించండి.