మేడ మీది సోలార్ వైరు: మందం కంటే పైతొడుగు ముఖ్యం

సోలార్ ప్యానెళ్లకు 4 చదరపు మిల్లీమీటర్ల వైరు సరిపోతుందా, 6 వేయించాలా, ఇంట్లో మిగిలిన రాగి వైరు వాడుకోవచ్చా అని అడిగారు. చివరి మాటకు ముందు జవాబు: వాడకండి. నేను వాడి అనుభవించాను.

ఇల్లు కట్టినప్పుడు మిగిలిన వైరు చుట్ట ఒకటి ఉండేది. మేలైన రాగి, మందమూ సరిపోయింది. వృథా ఎందుకని ప్యానెళ్ల నుంచి, వాటి డీసీ కరెంటును ఇంటికి పనికొచ్చే ఏసీగా మార్చే ఇన్వర్టర్ దాకా అదే వేయించాను. మూడేళ్లు ఏ గొడవా లేదు. నాలుగో ఏడు వానల్లో మొదలైంది తమాషా. రాత్రి వాన పడితే తెల్లవారి ఇన్వర్టర్‌పై ఎర్రదీపం. ఎండ కాస్తే మధ్యాహ్నానికి దానంతట అదే పని చేసేది. మెకానిక్ వచ్చేసరికి అంతా సవ్యంగానే ఉండేది! రెండుసార్లు వచ్చి నన్ను జాలిగా చూసి వెళ్లాడు. మూడోసారి వాన వెలిసిన తెల్లవారుజామునే పిలిపించాను. ప్యానెళ్ల కింద దూరి వైరును వేలితో వంచాడు. ఎండకు పెళుసెక్కిన తొడుగు పెంకుల్లా రాలి, లోపలి రాగి బయటపడింది. ఆ పగుళ్లలో నీరు చేరి కరెంటు ఫ్రేముకు పాకుతోంది. పొద్దున్నే సరఫరా మొదలుపెట్టే ముందు ఇన్వర్టర్ దాన్ని పసిగట్టి మొండికేస్తోంది.

అంతటితో పోయింది, నయం; నిప్పే అంటుకునేది. ఇంట్లోని 50 హెర్ట్జ్ ఏసీ కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాకు వస్తుంది కాబట్టి నిప్పురవ్వ ఆరే వీలుంటుంది. ప్యానెళ్ల నుంచి వచ్చే డీసీకి ఆ విరామమే లేదు, నిప్పు పట్టుకుంటే వదలదు.

వైరు మీద సోలార్ వైర్ల యూరప్ ప్రమాణం ఈఎన్ 50618 (EN 50618) గానీ, ఆ రకం వైరు గుర్తు హెచ్1జెడ్2జెడ్2-కె (H1Z2Z2-K) గానీ ముద్రించి ఉందేమో చూడండి. 1500 వోల్టుల డీసీకి, ఎండావానలకు తట్టుకునేలా చేసిన రకం అది. రాగి పోగులకు తగరం పూత ఉంటుంది, త్వరగా చిలుము పట్టదు. ఇంట్లో వాడే మామూలు పీవీసీ వైరు 70 డిగ్రీల వరకే. వేసవిలో ప్యానెల్ వెనుక వేడి 60 దాటడం మామూలే, ఇక వైరు సొంత వేడి ఎక్కడికి పోవాలి? ప్యానెళ్లకు 25 ఏళ్ల హామీ అని ఊదరగొట్టేవారు వైరు ఊసే ఎత్తరు. దాన్ని కట్టే ప్లాస్టిక్ పట్టీలు కూడా అంతే: తెల్లవి ఎండకు పుటుక్కుమంటాయి, ఎండకు తట్టుకునే నల్లవి అడిగి తీసుకోండి.

మందమా? 30 మీటర్ల దూరం, 10 ఆంపియర్లు అనుకుంటే 4 చదరపు మిల్లీమీటర్ల వైరులో రానూపోనూ పోయేది సుమారు 3 వోల్టులు. ప్యానెళ్లను ఒకదాని వెంట ఒకటి కలిపిన 400 వోల్టుల వరుసలో అది లెక్కలోకే రాదు. 48 వోల్టుల బ్యాటరీ ఏర్పాటైతే మాత్రం ఆరు శాతం గాలికి పోయినట్టే, అక్కడ ఇంకా లావు వైరు కావాలి. అంతకన్నా నా భయమంతా వైర్లను ఒకదానితో ఒకటి కలిపే కనెక్టర్ల మీద. రెండు వేర్వేరు కంపెనీలవి ఒకదానిలో ఒకటి దూరినంత మాత్రాన జత కుదిరినట్టు కాదు. వాటిని వైరు కొసకు బిగించి నొక్కడానికి ప్రత్యేకమైన పనిముట్టు ఉంది. కటింగ్ ప్లేయరుతో నొక్కేస్తానన్నవారిని మేడ మెట్లు ఎక్కనివ్వకండి.