నీలం డ్రమ్ములో ఎన్ని రోజుల మేత?

పాత సామానుతో కొత్త పని: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: శామీర్‌పేట దగ్గర మాకు అరెకరం ఉంది. 40 గిన్నెకోళ్లు, 200 కౌజు పిట్టలు పెంచుతున్నాం. ఇంగ్లండులో వేట పక్షులకు నీలం ప్లాస్టిక్ డ్రమ్ముతో మేత పెట్టడం యూట్యూబ్‌లో చూశాను. డ్రమ్మును కాళ్ల మీద నిలబెట్టి అడుగున స్ప్రింగు బిగించారు. పక్షి పొడిస్తే గింజలు రాలుతున్నాయి. రెండు పూటలా మేత పోసే పని తప్పుతుందని 200 లీటర్ల పాత డ్రమ్ములు రెండు కొన్నాం. ఆ స్ప్రింగు మన దగ్గర ఎక్కడ దొరుకుతుంది? (ఒక పాఠకురాలు)

జవాబు: స్ప్రింగు కోసం తిరగకండమ్మా. అక్కడ వాళ్లు పోసేది గోధుమలు. గుండ్రటి గింజ కాబట్టి ఒకటి కదిలితే పది జారతాయి. మీరు పోసేది తవుడు, నూనెగింజల చెక్క కలిసిన పొడి దాణా. అది స్ప్రింగు సందులో అట్ట కట్టి కూర్చుంటుంది. ఇది చదివి చెప్పే మాట కాదు. బాలానగర్‌లో ముప్పై ఏళ్లు ఫిట్టర్‌గా పనిచేశాను, స్ప్రింగు నేనే చుట్టుకున్నాను. చూడటానికి ముచ్చటగా వచ్చింది. మూడో రోజుకు డ్రమ్ము నిండా దాణా, చుట్టూ ఆకలితో అరిచే గిన్నెకోళ్లు. అవి ఊరికే ఉన్నప్పుడే వాడ లేచిపోయేలా అరుస్తాయి, ఆకలేస్తే ఇక చెప్పాలా?

అయితే స్ప్రింగు కన్నా ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది. ఆ డ్రమ్ముల్లో ఇంతకుముందు ఏం పోశారు? జీడిమెట్ల, పటాన్‌చెరు, బొల్లారం వైపు మందుల కంపెనీలు, రసాయనాల కంపెనీలు ఎక్కువ. తుక్కు దుకాణాలకు వచ్చే నీలం డ్రమ్ముల్లో చాలావరకు అటునుంచి వచ్చినవే. లేబుల్ పీకేసి ఉంటే నేనైతే ముట్టుకోను. అడుగున త్రికోణంలో 2 అంకె చూసి తిండికి పనికొస్తుందని కొందరు మురిసిపోతారు. అది ప్లాస్టిక్ రకం చెబుతుంది తప్ప అందులో ఏం పోశారో చెప్పదు. యూఎన్ 1హెచ్1 అని అచ్చు ఉంటే ప్రమాదకరమైన సరుకు మోయడానికి పరీక్ష చేసిన డ్రమ్ము అని అర్థం. అందులో విషమే పోశారని కాదు గానీ, అనుమానించడానికి ఆ మాత్రం చాలు.

మొదట్లో నేనూ కక్కుర్తి పడ్డాను. చవగ్గా వచ్చిందని ఒక డ్రమ్ము తెచ్చి సోడాతో మూడుసార్లు కడిగాను. వాసన పోయిందనుకున్నాను. ఏప్రిల్ ఎండకు డ్రమ్ము వేడెక్కేసరికి ప్లాస్టిక్ పీల్చుకున్నదంతా బయటికొచ్చింది. కౌజులు దాణా ముట్టలేదు, గుడ్లు ఆపేశాయి. బస్తాన్నర దాణా గోతిలో పూడ్చాను. అమ్మినవాణ్ణి ఏమనను? అడగాల్సిన మాట నేను అడగలేదు.

అందుకే ఇప్పుడు మిఠాయిలు, చాక్లెట్లు చేసేవాళ్ల దగ్గరే కొంటాను. లిక్విడ్ గ్లూకోజు వచ్చిన డ్రమ్ము అయితే తడి వేలు పెడితే జిగురుగా తగులుతుంది, వేడినీళ్లతో శుభ్రంగా పోతుంది. మీ రెండింటి సంగతి అమ్మినవాడు కచ్చితంగా చెప్పలేకపోతే వాటిని మేతకు వాడకండి. సగానికి కోసి బంతిమొక్కలు పెట్టుకోండి. తినే మొక్కలు మాత్రం వద్దు.

మంచి డ్రమ్ము దొరికిందనుకోండి. అప్పుడు లెక్క వేసుకోవాలి. గిన్నెకోడి రోజుకు సుమారు 100 గ్రాములు తింటుంది. 40కి 4 కిలోలు. 200 లీటర్ల డ్రమ్ములో పొడి దాణా వంద కిలోలకు పైనే పడుతుంది. అంటే పాతిక రోజుల పైచిలుకు. ఆషాఢం ముసురులో అన్ని రోజులు నిలవుంటే దాణాలోని మొక్కజొన్న బూజు పట్టకుండా ఉంటుందా? బూజు విషం ముందు కాలేయాన్ని పట్టుకుంటుంది. పిట్ట పైకి బాగానే కనిపిస్తూ లోలోపల చిక్కిపోతుంది. రోజూ పోసే పని తప్పించుకోండి, కాదనను. వారానికోసారి మూత తీసి చూసే పని మాత్రం తప్పించుకోకండి. డ్రమ్ములో 30 కిలోలకు మించి పోయకండి, పాతది అయిపోకుండా పైన కొత్తది కుమ్మరించకండి.

ఇక పని. నాలుగంగుళాల పీవీసీ ఎల్బోలు, అంటే మోచేయిలా వంగిన గొట్టాలు, ఆరు తీసుకోండి. రాణిగంజ్‌లో దొరుకుతాయి, మీ ఊరి హార్డ్‌వేర్ షాపులోనూ దొరుకుతాయి. డ్రమ్ము చుట్టూ సమానంగా ఆరు రంధ్రాలు కోయించండి. ఎల్బో ఒక మూతి లోపల కిందికి చూడాలి, రెండోది బయటికి. లోపలి మూతికీ డ్రమ్ము అడుక్కీ మధ్య అంగుళంన్నర సందు ఉండాలి. అంతకన్నా తక్కువైతే దాణా రాదు, ఎక్కువైతే కాళ్ల కిందికి ఒలికిపోతుంది. కోసిన అంచులను ఆకురాయితో రాయండి. బయటి మూతి మీద సగానికి చీల్చిన పైపు ముక్క చూరులా బిగిస్తే జల్లు లోపలికి కొట్టదు. డ్రమ్ము కింద ఇటుకలు పేర్చి, మూతి పక్షి వీపు ఎత్తుకు వచ్చేలా చూసుకోండి.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. డ్రమ్ము అడుగు చదును కదా, అంచుల్లో దాణా తింటుంటే నడిమధ్యది కదలకుండా కూర్చుని ముక్కిపోతుంది. నడుమ శంఖువు ఆకారంలో ఒక గుట్ట పెట్టాలి. జింకు రేకును మడిచి రివిట్లు కొట్టి నేను చేసుకున్నాను. ట్రాఫిక్ కోను అడుగు కత్తిరిస్తే అచ్చంగా సరిపోతుందని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. సరిపోతుంది, కాదనను. రోడ్డు మీద పెట్టినవి మాత్రం ఎత్తుకురాకండి.

కౌజులకు ఈ డ్రమ్ము వద్దు. వాటి తల ఎంత, ఎల్బో ఎంత? లోపల దూరి కూర్చుని స్నానాలు చేస్తాయి. 15 లీటర్ల వంటనూనె డబ్బాకు, అడుగు నుంచి రెండంగుళాల ఎత్తులో, అంగుళంన్నర రంధ్రాలు వరసగా వేయండి. తల మాత్రమే పడుతుంది, కాళ్లతో కెలికి పారబోయడం ఉండదు. మీ 200 పిట్టలకు రోజుకు 5, 6 కిలోలు కావాలి కాబట్టి అలాంటి డబ్బాలు కనీసం ఆరు పెట్టుకోండి. తక్కువైతే బలమైనవి తిని, బక్కవి చూస్తూ నిలబడతాయి.

ప్రశ్న: ఇనుప డ్రమ్ము ఊరికే వచ్చింది. నా దగ్గర గ్రైండర్ ఉంది. ఇంట్లోనే కోసుకోవచ్చా? (కుషాయిగూడ పాఠకుడు)

జవాబు: వద్దు బాబూ. ఖాళీ డ్రమ్ము అంటే ద్రవం లేనిదే, ఆవిరి లేనిది కాదు. రంగు, థిన్నర్, నూనె ఏది ఉన్నా లోపల మిగిలిన ఆవిరికి ఒక్క నిప్పురవ్వ తగిలితే బాంబులా పేలుతుంది. కడిగాను కదా అనుకోకు. పని నేర్చిన మేస్త్రీలే అలా పోయారు. పైగా ఎండకు ఇనుము కాలిపోతుంది, దాణా లోపల ఉడికిపోతుంది. ఆ డ్రమ్ము ఊరికే వచ్చింది కదా, ఊరికే ఇచ్చెయ్.

ప్రశ్న: మా తోటలో డ్రమ్ము పెట్టాక తెల్లవారుజామున నెమళ్లు వచ్చి దాణా తింటున్నాయి. ఏం చేయాలి? ఇంకొక మాట. పాతబస్తీలో ఒకతను అడవి కౌజుల జంట ఇస్తానంటున్నాడు. తీసుకోవచ్చా? (చిలుకూరు వైపు నుంచి ఒక రైతు)

జవాబు: అన్నా, రెండోదానికి ముందు చెబుతాను. తీసుకోవద్దు. ఫారాల్లో మనం కౌజు అని పిలిచేది జపాన్ క్వెయిల్, కోడిలాగే పెంపుడు పక్షి. అసలు కౌజు మన పొదల్లో గొంతు చించుకుని అరిచే అడవి పిట్ట. పేరు కలిసింది గానీ పిట్ట కలవలేదు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద దాన్ని పట్టినా, అమ్మినా, కొన్నా నేరమే. అతను మళ్లీ ఫోన్ చేస్తే అటవీశాఖకు చెప్పండి.

నెమలికీ అదే చట్టం, ఇంకా గట్టిగా. రాయి కూడా విసరకండి. అడవి పక్షులు తినే చోట మన కోళ్లూ తింటే అటు రోగం ఇటు, ఇటు రోగం అటు పోతుంది. చీకటి పడగానే ఆరు ఎల్బోలకూ ఎండ్ క్యాపులు, అంటే పైపు మూతికి తొడిగే మూతలు, పెట్టేయండి. పొద్దెక్కి నెమళ్లు వెళ్లాక తీయండి. నెమళ్ల కోసం చెబుతున్నాను గానీ, మా తోటలో క్యాపులు పెట్టడం మొదలుపెట్టింది పందికొక్కుల వల్ల. క్యాపు గట్టిగా తిప్పి బిగించకండి, పొద్దున దాణా పొడి ఇరుక్కుని చచ్చినా ఊడిరాదు. ఊరికే తొడిగి వదిలేయండి.