పన్నెండు టెన్సుల పట్టిక కంఠతా వచ్చినా ఇంగ్లీషులో తప్పులు ఎందుకు పోవు?

పన్నెండు టెన్సుల పట్టిక మొత్తం నోటికి వచ్చినా మాట్లాడేటప్పుడు తప్పులు దొర్లుతూనే ఉన్నాయని, వ్యాకరణాన్ని మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమని మీరు అడిగారు. నేను కూడా కొన్నేళ్ళపాటు సరిగ్గా అదే స్థితిలో ఉన్నవాణ్ణి. ఫ్యూచర్ పర్ఫెక్ట్ కంటిన్యువస్ గురించి ఎవరు అడిగినా సూత్రంతో సహా అప్పజెప్పగలిగేవాణ్ణి కానీ, ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక సమావేశంలో పై అధికారిని "డిడ్ యూ వెంట్ దేర్, సర్?" అని అడిగాను. ఆయన "యెస్, ఐ వెంట్" అని మామూలుగానే జవాబిచ్చారు. ఇంటికి వచ్చి ఆ ప్రశ్నను కాగితం మీద రాసుకుని చూసేదాకా నేను ఏమి తప్పు మాట్లాడానో నాకే తెలియలేదు.

అందువల్ల పట్టికను కొంతకాలం పక్కన పెట్టి, ఏ వాక్యానికి యామ్, ఈజ్, ఆర్ కావాలో, ఏ వాక్యానికి డూ, డజ్, డిడ్ కావాలో ముందుగా తేల్చుకోమని నా సలహా. మనం "ఆయన డాక్టరు" అంటే క్రియ లేకుండానే వాక్యం పూర్తవుతుంది. ఇంగ్లీషులో అలా కుదరదు కాబట్టి "హి ఈజ్ ఎ డాక్టర్" అని ఈజ్ పెట్టాలి. చిక్కేమిటంటే, ఇది ఒకసారి అలవాటైన తరువాత మనం క్రియ ఉన్న చోట కూడా దానిని తగిలించి "ఐ యామ్ అగ్రీ", "ఆర్ యూ నో హిమ్?" అంటాము. అగ్రీ, నో అనేవి స్వయంగా క్రియలు కనుక "ఐ అగ్రీ", "డూ యూ నో హిమ్?" అంటే సరిపోతుంది.

ఇక నేను చేసిన తప్పు సంగతి. "హి వర్క్స్ హియర్" అనే వాక్యాన్ని ప్రశ్నగా మారిస్తే "డజ్ హి వర్క్ హియర్?" అవుతుంది. వర్క్స్ చివర ఉన్న ఎస్ అక్షరం మాయమైపోలేదు, డూ చివరకు చేరి దానిని డజ్‌గా మార్చింది. అదే విధంగా "హి వెంట్" అనే వాక్యంలో వెంట్ మోస్తున్న భూతకాలాన్ని ప్రశ్నలో డిడ్ తీసుకుంటుంది కాబట్టి, వెంట్ తిరిగి గో అయిపోయి "డిడ్ హి గో?" అని మిగులుతుంది. "హి డిడ్ నాట్ గో" అన్నప్పుడు జరిగేదీ ఇదే. అయితే "హూ వెంట్ దేర్?" వంటి ప్రశ్నలో హూ అనే మాటే కర్త కనుక అక్కడ డిడ్ అక్కరలేదు. ఈ ఒక్క మినహాయింపు నన్ను చాలాకాలం తికమక పెట్టింది.

నాకు అన్నిటికంటే ఎక్కువగా పనికివచ్చిన అభ్యాసం మన వ్యతిరేక వాక్యాలతో చేసినది. "ఆయన డాక్టరు కాదు", "ఆయన ఇంట్లో లేడు" అనే రెండింటికీ ఈజ్ నాట్ సరిపోతుంది కానీ, "ఆయన రాలేదు" అనడానికి డిడ్ నాట్ కమ్ కావాలి. "ఆయన రాడు" అన్నప్పుడు మాత్రం అది ఎప్పుడూ రాని సంగతి అయితే డజ్ నాట్ కమ్, రేపు రాని సంగతి అయితే విల్ నాట్ కమ్ అనాలి. రోజుకు ఇలాంటి పది వాక్యాలు తెలుగులో రాసుకుని, అనువదించే ముందు ఏ సహాయక క్రియ పడుతుందో దానిని మాత్రమే పక్కన రాసేవాణ్ణి. రెండు నెలలు గడిచేసరికి ఆ ఎంపిక ఆలోచించకుండానే నోటికి రావడం మొదలైంది.

కాలాల విషయంలో కూడా చిక్కు ఇటువంటిదే. మన "వెళ్తాను" రోజూ చేసే పనికీ రేపు చేయబోయే పనికీ ఒకటే, మన "చూశాను" సా, హావ్ సీన్ అనే రెండింటికీ సరిపోతుంది. నిన్న, 2010లో అంటూ గడిచిపోయిన సమయాన్ని చెప్పినప్పుడు సా మాత్రమే వాడాలి కాబట్టి "ఐ హావ్ సీన్ హిమ్ యెస్టర్‌డే" అనడం తప్పు.

ఆర్టికల్స్ గురించి ఇప్పుడే దిగులుపడకండి. ఎ, యాన్ తేడాకు మాత్రం తెలుగు లిపి మంచి సాయం చేస్తుంది. తరువాతి మాటను తెలుగులో రాసి చూడండి. అవర్ (గంట), ఎక్స్‌రే అచ్చుతో మొదలవుతాయి కనుక వాటికి యాన్, యూనివర్సిటీ 'య'తో మొదలవుతుంది కనుక దానికి ఎ.

పట్టికలో మొదట పనికివచ్చేవి సింపుల్ ప్రెజెంట్, సింపుల్ పాస్ట్, ప్రెజెంట్ కంటిన్యువస్, ప్రెజెంట్ పర్ఫెక్ట్, వాటితో పాటు విల్. అంత కష్టపడి కంఠస్థం చేసిన ఫ్యూచర్ పర్ఫెక్ట్ కంటిన్యువస్‌ను ఇన్నేళ్ళలో సంభాషణలో ఒక్కసారి వాడినట్టు కూడా నాకు గుర్తు లేదు.