ఉలవచారు చిక్కగా రావాలంటే: మా చిత్తూరు వైపు పద్ధతి

ఎనిమిది విజిళ్ళు వచ్చినా ఉలవలు మెత్తబడటం లేదని, చారు నీళ్ళగా ఉంటోందని, బియ్యప్పిండి కలపొచ్చా అని అడిగారు. చింతపండు రసం కూడా ముందే కుక్కర్లో పోసేస్తున్నానని రాశారు కదా, చిక్కంతా అక్కడే ఉంది. పులుపు తగిలిందంటే గింజ ఉడకదు. ఉలవలు పూర్తిగా ఉడికి, కట్టు (అవి ఉడికిన నీళ్ళు) వార్చాకే చింతపండు పోయాలి. సున్నం ఎక్కువున్న బోరు నీళ్ళతోనూ ఇదే ఇబ్బంది. తిరుపతిలో మా ఇంట్లో వంటకంతా బోరు నీళ్ళే గానీ ఉలవలకు మాత్రం క్యాన్ నీళ్ళు పోస్తాం. చాలాకాలం నిలవున్న ఉలవలైతే ఏం చేసినా అంతే, మార్చేయండి.

బియ్యప్పిండి మాత్రం దయచేసి వద్దు. చారు జిగటగా అయిపోయి ఉలవ వాసన చచ్చిపోతుంది. చిక్కదనం ఉడికిన ఉలవల్లోంచే రావాలి.

పావు కిలో ఉలవలు తీసుకుని బాగా గాలించండి. వీటిలో మట్టి రంగు రాళ్ళు కలిసిపోయి ఉంటాయి, చేత్తో ఏరితే కనబడవు. రాత్రంతా నానబెట్టి, పొద్దున ఒకటిన్నర లీటరు నీళ్ళు పోసి కుక్కర్ పెట్టండి. విజిళ్ళ లెక్క నేను నమ్మను. ఒక గింజ తీసి బొటనవేలితో నొక్కితే పొట్టు జారి, లోపలిది వెన్నలా నలగాలి. లేకపోతే మళ్ళీ మూత పెట్టండి.

ఉడికాక కట్టు వార్చుకోండి. ముదురు గోధుమరంగులో, వేళ్ళకు కాస్త అంటుకునేలా ఉంటుంది. ఇక అసలు పని. రెండు చెంచాల ధనియాలు, చెంచా జీలకర్ర, అర చెంచా మిరియాలు, నాలుగు ఎండుమిరపకాయలు నూనె లేకుండా సన్నటి సెగ మీద దోరగా వేయించండి. అవి చల్లారాక నాలుగు తెల్లగడ్డ రెబ్బలు, గుప్పెడు ఉడికిన ఉలవలు వేసి, కొంచెం కట్టు పోసి మెత్తగా రుబ్బండి. రోలుంటే రోట్లోనే నూరండి, రుచి తేడా తెలుస్తుంది. ఆ ముద్దను మిగతా కట్టులో కలిపి, నిమ్మకాయంత చింతపండు పిండి పోసి, ఉప్పు, పసుపు, చితక్కొట్టిన చిన్న ఎర్రగడ్డలు వేసి పొయ్యి మీద పెట్టండి. పచ్చి వాసన పోయేదాకా, పది నిమిషాలు సన్నగా కాగితే చాలు. వేరుశనగ నూనెలో ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువతో తిరగవాత పెట్టండి.

కోస్తా వైపు గంటల తరబడి మరిగించి, గుజ్జులా చేసి, పైన మీగడ వేసుకుంటారు. అదీ బాగుంటుంది, నేను కాదనను. కానీ రాగి సంగటి ముద్దలో గుంట చేసి పోసుకోవడానికి దానికంటే కాస్త పల్చగా ఉండే మా కారం చారే సరిగ్గా సరిపోతుంది. మీగడ వేస్తే మిరియాల ఘాటు తెలియదు.

మిగిలిన ఉలవలు పారేయకండి. ఎర్రగడ్డ, ఎండుమిర్చి తిరగవాతలో వేసి, పచ్చికొబ్బరి తురుము చల్లితే సాయంత్రానికి గుగ్గిళ్ళు. చారు మరుసటి రోజుకు ఇంకా బాగుంటుంది. ఫ్రిజ్‌లోంచి తీసినప్పుడు రుబ్బిన ముద్దంతా అడుక్కు చేరుంటుంది, గరిటెతో బాగా కలిపి వేడి చేసుకోండి.